బ్రోకరమ్మ అమ్మలేని ఇల్లు

పోయిన వారం మనం బ్రోకరమ్మని సరస్సు రేవులో, లాంచీ కోసం ఎదురుచూస్తుండగా వదిలేసి వచ్చాం. సిటీలో ఆవిడ పేరు మోసిన ఇళ్ళ బ్రోకరు. శ్మశానం ఎదురుగా ఉన్న ఫ్లాటుని కూడా "ఎదురుగా ఇంకో బిల్డింగు లేచే భయం లేదు, గాలికి ఢోకా లేదు" అని నమ్మించి అమ్మిన మనిషి. అలాంటావిడ, కాలం చేసిన పిన్ని తనకీ తమ్ముడికీ చెరిసగం రాసిపోయిన సరస్సు ఒడ్డు ఇంటిని నెల తిరక్కుండా అమ్మేస్తానని పెట్టె సర్దుకుని వచ్చింది. ఎండలు పోయి వానలు మొదలయ్యాయి గానీ ఇల్లు మాత్రం అమ్ముడుపోలేదు. వచ్చిన రెండు బేరాలూ వచ్చిన దారినే పోయాయి. చివరికి ఓపిక నశించిన తమ్ముడు, ఈసారి కొనేవాళ్ళని తనే వెంటబెట్టుకు వస్తానని ఫోన్ చేశాడు. ఆ లాంచీయే ఇప్పుడు మలుపు తిరిగి రేవుకేసి వస్తోంది.

ముందు తమ్ముడు దిగాడు. వాడి వెనక ఒక పెద్దావిడ, రెండు చెప్పులూ ఒక చేత్తో పట్టుకుని, లాంచీ నుంచి రేవుకి వేసిన పలక మీద చిన్నపిల్లలా తూగుతూ వచ్చింది. లాంచీ నడిపే సరంగు చెయ్యి అందించబోతే, పడితే తడుస్తాను, అంతకంటే ఏమవుతుంది అని నవ్వేసింది. పళ్ళ డాక్టరుగా చేసి ఈమధ్యే మానేసిందట. జీవితమంతా కిటికీ తీస్తే పక్కింటి గోడ కనిపించే గదిలో కూర్చుని జనం పళ్ళు పీకానని, ఇక మిగిలిన రోజులు నీళ్ళు చూస్తూ గడపాలని ఉందని రేవు దాటేలోపే చెప్పేసింది.

తమ్ముడు అక్క చెవిలో మెల్లగా అన్నాడు. డాక్టరు గారు అటో ఇటో ఇవాళే తేల్చేస్తారట. నువ్వు ఎప్పట్లా కాస్త బాగా మాట్లాడు, మిగతాది అదే అవుతుంది అన్నాడు.

ఎప్పుడైనా కొనేవాళ్ళు ఇంత ఆశగా కనబడితే బ్రోకరమ్మకి ఒంట్లో హుషారు పుట్టుకొచ్చేది. ఇవాళ మాత్రం కొంగున కట్టుకున్న తాళంచెవికి ఇంకో ముడి వేసుకుంది.

ఎందుకో ఆవిడకి తెలియకపోలేదు. మొదట్లో ఈ ఊరు ఆవిడకి మింగుడు పడలేదు. చెవుల్లో సిటీ హోరు లేకపోతే నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే లేచి ఎక్కడికి పరిగెత్తాలో తోచక పెరట్లో అటూ ఇటూ తిరిగేది. తర్వాత ఒకరోజు వంటింట్లో టీ పెట్టుకుంటూ తలెత్తి చూస్తే, నీళ్ళ మీద పడ్డ ఎండ కిటికీలోంచి ఎగబాకి ఇంటికప్పు మీద వలలా అల్లాడుతోంది. టీ పొంగిపోయినా ఆవిడ చూపు తిప్పుకోలేదు. ఆ పూట నుంచి మొదలైందనుకోవాలి. కూరగాయల పడవ ఇళ్ళ వెనకగా వచ్చి ఆగితే, గోడ మీంచి వంగి బేరమాడడం అలవాటైంది. పడవ మనిషి గట్టి పిండం. సిటీలో బిల్డర్ల మెడలు వంచిన బ్రోకరమ్మకి ఒక్క వంకాయ కొసరు వెయ్యడానికి కూడా ఒప్పుకునేది కాదు. ఆ ఓటమి కూడా బ్రోకరమ్మకి ముద్దుగానే ఉండేది. పిన్ని ఈ ఊరి ఆడపిల్లలకి ఈత నేర్పేది. చిన్నప్పుడు సెలవులకి వచ్చినప్పుడు తనకీ నేర్పింది. పెళ్ళీ పనీ సంసారమూ అయ్యాక మళ్ళీ నీళ్ళలో దిగింది లేదు. ఒక మధ్యాహ్నం ఎవరూ చూడటం లేదని చూసుకుని దిగింది. ఒళ్ళు మర్చిపోలేదు. ఒడ్డుకొచ్చి మెట్ల మీద కూర్చుని కాసేపు ఊరికే నవ్వుకుంది. మోకాళ్ళ నొప్పికి తెచ్చుకున్న మాత్రలు పెట్టెలో ఎక్కడున్నాయో ఇప్పుడు గుర్తు కూడా లేదు.

రోజూ సాయంత్రం సిటీలో ఉన్న మొగుడికి ఫోన్ చేసేది. ఆయన ఒక పత్రికాఫీసులో ప్రూఫులు దిద్దుతాడు. పగలంతా ఇతరుల మాటల్లో తప్పులు వెతికి వెతికి, సొంత మాటలు ఖర్చు పెట్టడానికి మనసొప్పని మనిషి. బేరం ఇంకా కుదర్లేదండీ అని ఈవిడంటే, ఊఁ అని ఆయనంటాడు. అన్నం తిన్నారా అంటే మళ్ళీ ఊఁ. ఇంతే కాపురం. తన మనసులో మాట ఆ ఊఁ చెవిన వెయ్యాలని రోజూ అనుకుని, రోజూ మింగేసేది.

సరే, ఇల్లు చూపించాలి. బ్రోకరమ్మ తాళం తీసింది. కింద పెద్ద హాలూ వంటిల్లూ, వెనకవైపు నీళ్ళలోకి దిగే మెట్లు. మేడ మీద రెండు గదులు. వాటికి బయటినుంచి కర్రమెట్లు. ఇలాంటి ఇల్లు అమ్మడం ఆవిడకి ఎడమచేతి పని. కానీ నోరు తెరిచేసరికి వేరే మాటలు వచ్చాయి.

కింద గదుల్లో వానాకాలం చెమ్మ ఊరుతుందని చెప్పింది. గోడకి ఆనించిన బీరువా వెనక బూజు పడుతుందని వేలితో గీసి చూపించింది. డాక్టరు గారు ఆ వేలు చూసి, బీరువా పెడితే కదా, అసలు బీరువాలే వదిలించుకుని వస్తున్నాను అన్నారు. పొద్దున్న మంచు పడితే ఎదుటి మనిషి కనిపించడని చెప్పింది. ఇన్నేళ్ళూ లైటు వేసుకుని ఇతరుల నోళ్ళలోకి తొంగి చూశాను, కొన్నాళ్ళు ఏమీ కనబడకపోతే కళ్ళకి పుణ్యం అన్నారు డాక్టరు గారు. రాత్రిళ్ళు కప్పలు చెవులు చిల్లులు పడేలా అరుస్తాయని చెబితే, పళ్ళు తొలిచే మిషను చప్పుడు ముందు కప్ప ఎంత అని తీసిపారేశారు. గాలివాన వస్తే లాంచీ తిరగదని, చుట్టాలెవరూ రాలేరని బెదిరించింది. ఆ మాటకి డాక్టరు గారి ముఖం విప్పారింది. మా పెద్ద కోడలు మహా చాదస్తంగా రోజూ వచ్చి కూర్చుంటానంటోందమ్మా, ఎన్నాళ్ళుంటుంది ఆ గాలివాన అని ఆరా తీశారు.

చివరికి బ్రోకరమ్మ తన దగ్గరున్న పెద్ద అస్త్రం వదిలింది. తలుపు వేసుకోకపోతే బాతులు వంటింట్లోకి వచ్చేస్తాయని చెప్పింది.

"ఎన్నొస్తాయి?" అన్నారు డాక్టరు గారు, ఆశగా.

తమ్ముడు అప్పటిదాకా గుమ్మానికి ఆనుకుని వింటున్నాడు. వాడి ముఖం మొదట తెల్లబోయింది, తర్వాత ఎర్రబడింది. డాక్టరు గారూ, మీరలా నీళ్ళ దగ్గర కూర్చోండి, టీ తెస్తాం అని ఆవిణ్ణి మెట్ల దగ్గరికి సాగనంపి, అక్కని వంటింట్లోకి రమ్మన్నాడు. తలుపు దగ్గరగా వేశాడు.

"అక్కా, నువ్వు ఇల్లు అమ్ముతున్నావా, కాపలా కాస్తున్నావా?"

బ్రోకరమ్మ కప్పులు కడుగుతూ, ఉన్నమాట చెప్పానని, రేపు మనల్ని ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా అని గొణిగింది.

"ఉన్నమాట? నువ్వు?" అన్నాడు తమ్ముడు. "ఆ ముందొచ్చిన ఇద్దరికీ కూడా ఇలాగే చెప్పావా ఉన్నమాట?"

కప్పుల్లో మురికి లేకపోయినా ఆవిడ ఇంకా కడుగుతూనే ఉంది. వాడికి సమాధానం దొరికింది.

కేకలేస్తాడనుకుంది. వెయ్యలేదు. పొయ్యి పక్కనున్న ఎత్తుపీట లాక్కుని కూర్చున్నాడు. చిన్నప్పుడు స్కూల్లో ఎవరైనా కొడితే ఇంటికొచ్చి ఇలాగే కూర్చునేవాడు. అడిగితే తప్ప చెప్పేవాడు కాదు. ఇవాళ అడక్కుండానే చెప్పాడు. వాడు ఇన్నేళ్ళుగా ఒకాయన దగ్గర రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియనుగా చేస్తున్నాడు. సొంతంగా ఒకటి పెట్టుకోవాలని వాడికి ఎప్పట్నుంచో కోరిక. నెల తిరక్కుండా అమ్మేస్తానని అక్క అంది కదా, అక్క అంటే జరిగిపోయినట్టే కదా, ఆ ధైర్యంతో ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేశాడు. షాపు కూడా మాట్లాడి పెట్టుకున్నాడు. ఇల్లు అమ్ముడుపోలేదు, ఉద్యోగం లేదు.

"నీ మరదలికి తెలీదు," అన్నాడు. "రోజూ క్యారియర్ పట్టుకుని బయల్దేరుతున్నా. పార్కులో కూర్చుని తిని, సాయంత్రం ఇంటికెళుతున్నా."

బ్రోకరమ్మ చేతిలో కప్పు పక్కన పెట్టేసింది. కొళాయి కట్టెయ్యడం కూడా మర్చిపోయింది. తను ఇక్కడ ఇంటికప్పు మీద ఎండ చూసి మురిసిపోతున్న పొద్దుల్లో, వీడు అక్కడ చెట్టు కింద చల్లారిన అన్నం తింటున్నాడన్నమాట. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు ఆవిడకి.

"నాకు అమ్మాలని లేదురా," అంది చివరికి. "ఇన్నేళ్ళూ జనానికి ఇళ్ళు చూపించాను. నేను ఒక ఇంట్లో ఉన్నానంటే మాత్రం ఇక్కడే. సిటీలో మా ఫ్లాటుకి నేను వెళ్ళింది నిద్రకే."

"ఆ ఒక్క ముక్కా నాకు చెప్పొచ్చుగా."

"చెబితే పోనీలే అక్కా అంటావు. చిన్నప్పట్నుంచీ అంతేగా నువ్వు. బొమ్మయినా, కిటికీ పక్కన సీటయినా, పోనీలే అక్కా. నీ చేత మళ్ళీ ఆ మాట అనిపించడం ఇష్టం లేక చెప్పలేదు."

తమ్ముడు లేచి కొళాయి కట్టేశాడు. అక్క చేతికి తువ్వాలు అందించాడు. వాడి కళ్ళు తడిగా ఉన్నాయో, ఇంటికప్పు మీద కదిలే వెలుగు వాటిలో పడిందో ఆవిడకి అర్థం కాలేదు. పోనీలే అక్కా అనడానికే వాడు నోరు తెరుస్తున్నాడని మాత్రం అర్థమైంది. ఆ మాట బయటపడకముందే టీ పళ్ళెం ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

డాక్టరు గారు అడుగు మెట్టు మీద కూర్చుని పాదాలు నీళ్ళలో పెట్టుకున్నారు. చేపపిల్లలు వచ్చి మడమలు పొడిచి పోతుంటే కదలకుండా చూస్తున్నారు. బ్రోకరమ్మ పక్కనే కూర్చుంది. అసలు విషయం కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేసింది. మిమ్మల్ని తరిమెయ్యడానికే ఇందాకటి మాటలన్నీ చెప్పాను, నన్ను క్షమించండి, ఇప్పుడు సరిగ్గా చెబుతాను అంది. తర్వాత చెప్పింది.

చెమ్మ నిజమేగానీ, మండు వేసవిలో ఆ గోడకి వీపు ఆనిస్తే చల్లదనం ఎముకల దాకా పోతుందని చెప్పింది. మంచు కరిగేటప్పుడు అవతలి గట్టు ఒక్కసారి రాదని, ముందు చెట్ల కొసలు, తర్వాత ఇళ్ళ కప్పులు, ఆ తర్వాత రేవులో బట్టలుతికే మనుషులు ఒక్కొక్కరుగా వస్తారని, రోజూ కొత్తగా ఊరిని ఎవరో గీస్తున్నట్టే ఉంటుందని చెప్పింది. ఇక్కడ ఎవరికీ తొందర ఉండదని చెప్పింది. ఒకసారి తను రెండు రోజులు జ్వరంతో బయటికి రాకపోతే, కొసరు వెయ్యని ఆ కూరగాయల మనిషే పడవ కట్టేసి లోపలికొచ్చి గంజి కాచి పెట్టిందని, గంజికి డబ్బులు ఇవ్వబోతే తిట్టిందని చెప్పింది. సాయంత్రం చివరి లాంచీ వెళ్ళాక దాని అల వచ్చి మెట్లని తాకుతుందని, దాని తర్వాత నీళ్ళు చాలాసేపు సర్దుకుంటాయని, అవి సర్దుకునేలోపు మన లోపల గొడవ కూడా సర్దుకుంటుందని చెప్పింది.  ఇంత బాగా ఏ ఇంటినీ ఎప్పుడూ అమ్మలేదు ఆవిడ. ఇలా చెప్పడం వచ్చని కూడా ఆవిడకి తెలీదు.

"తీసుకోండి డాక్టరు గారూ," అంది. "మా తమ్ముడికి అవసరం. మీ చేతికొస్తే ఇల్లు సుఖపడుతుంది. నాకు అది చాలు."

డాక్టరు గారు టీ చివరి గుక్క దాకా తాగి, కప్పు మెట్టు మీద పెట్టారు. తమ్ముడు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"నాకొద్దమ్మా," అన్నారు ఆవిడ. "ఇంత ఇష్టపడ్డ మనిషిని వెళ్ళగొట్టి ఇక్కడ కూర్చుంటే, ప్రతి గదిలోనూ నువ్వే కనబడతావు. నాకు నిద్ర పట్టదు."

గుమ్మంలో తమ్ముడి భుజాలు జారిపోయాయి. బ్రోకరమ్మకి సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. డాక్టరు గారు మాత్రం తల వెనక్కి వాల్చి మేడకేసి చూస్తున్నారు.

"ఆ పైకి మెట్లు బయటినుంచే ఉన్నాయి కదా?" అన్నారు.

ఉన్నాయంది బ్రోకరమ్మ.

"ఇల్లు మీ ఇద్దరిదీ చెరిసగమన్నాడు మీ తమ్ముడు. నాకు ఇంత కొంప ఎందుకు? వాడి సగం పైన అనుకుని నాకిచ్చెయ్యండి. నీ సగం కింద నువ్వుండు. పొద్దున్నే నువ్వు టీ పెట్టినప్పుడు పైకి ఒక కేకెయ్యి. ఇంకేం అడగను."

అంత సులువైన సంగతి ఇద్దరిలో ఒక్కరికీ ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో! అక్కాతమ్ముళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇళ్ళ వ్యాపారంలో తలపండిన తను, పళ్ళు పీకే ఆవిడ దగ్గర ఈ పాఠం నేర్చుకోవాల్సి వచ్చిందని తలుచుకుని బ్రోకరమ్మకి నవ్వాగలేదు. తమ్ముడు కూడా నవ్వాడు. నవ్వుతూనే గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఈ సాయంత్రమే ఇంటికెళ్ళి నీ మరదలికి అంతా చెప్పేస్తానన్నాడు. రెండు తిట్లు పడతాయి, పడనీ అన్నాడు. డాక్టరు గారు మేడెక్కి, మంచం ఏ గోడకి వేసుకోవాలో చూసుకుని వచ్చారు. మధ్యాహ్నం ముగ్గురూ పెరటి నీడలో కూర్చుని భోంచేశారు. పిల్లల సంగతులూ, పాత రోగుల సంగతులూ, పిన్ని సంగతులూ ఎన్నో దొర్లాయి. బ్రోకరమ్మ ఆకలేసి తిన్నది ఎన్నాళ్ళకో. ఒక్క మొగుడి విషయం మాత్రం పంటి కింద రాయిలా ఉండిపోయింది. కింది సగం నాకు ఉంచుకున్నానండీ, ఇక్కడే ఉండిపోతానండీ అంటే, ఆ మనిషి ఊఁ అంటాడా? అంటే ఆ ఊఁకి అర్థం ఏమిటి?

సాయంత్రం వాళ్ళిద్దర్నీ లాంచీ ఎక్కించడానికి రేవుకి వెళ్ళింది. ఇంటికెళ్ళగానే ఫోన్ చేసి చెప్పెయ్యాలని దారంతా మాటలు కూడబలుక్కుంది. లాంచీ వచ్చి ఒడ్డుకి ఒరిగింది. అవతలి గట్టు నుంచి వచ్చిన నలుగురైదుగురు దిగారు. అందరికంటే ఆఖరున, సరంగు ఒక పెద్ద ట్రంకుపెట్టె మోసుకుని పలక మీదకి వచ్చాడు. దాని వెనక, ఒక చంకలో కుక్కరూ మరో చంకలో పత్రికల్లో చుట్టిన గోడ గడియారమూ పెట్టుకుని, బ్రోకరమ్మ మొగుడు దిగాడు.

 ఈయన పత్రికాఫీసుకి సెలవు పెట్టడం ఆవిడెరిగి పెళ్ళికీ, పురుళ్ళకీ తప్ప లేదు.

ఆయన కుక్కరు కింద పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని భార్యని తేరిపార చూశాడు. ఎండకి కాస్త నల్లబడ్డ ముఖాన్ని, గాలికి చెదిరిన జుట్టుని, చెప్పుల్లేని కాళ్ళని. చూసి, తృప్తిగా తలాడించాడు.

"బేరం కుదర్లేదని నువ్వు ఫోన్లో చెప్పిన ప్రతిసారీ నీ గొంతు సంతోషంగా ఉంటోంది," అన్నాడు. "మాట ఒకటి, గొంతు ఒకటి. తప్పు ఎక్కడుందో పట్టుకోవడమేగా నా పని."

ఆయన ఒక్క ఊపున అన్ని మాటలు మాట్లాడటం బ్రోకరమ్మ ఏనాడూ వినలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంగతంతా చెప్పేద్దామని నోరు తెరవబోయింది. కానీ ఆయన అప్పటికే ఆవిణ్ణి దాటి తమ్ముడి దగ్గరికి నడిచి, వాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"బావమరిదీ, నీ సగం ఇంక ఎవరికీ చూపించకు. నేను తీసుకుంటున్నా. మీ అక్కకి ఇల్లంతా ఉండాలి. సిటీలో మా ఫ్లాటు నిన్న అమ్మేశాను. తాళాలు కూడా ఇచ్చేశాను."

తమ్ముడు ఒకసారి బావకేసి, ఒకసారి డాక్టరు గారికేసి చూశాడు. లాంచీ కూత వేసింది. తొందరగా ఎక్కమని సరంగు చెయ్యూపుతున్నాడు. పలక మీద ఒక కాలు పెట్టిన డాక్టరు గారు, ఆ కాలు వెనక్కి తీసుకుని, మెల్లగా ఇటు తిరిగారు.